సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు.. మరి దారి?

పోటీ పరీక్షల పుస్తకాల్లో సైకిలుకు దక్కేది ఒక్క లైను: ప్రపంచ సైకిలు దినోత్సవం, జూన్‌ 3. ఆ తేదీ బట్టీ పట్టి పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. నిజానికి పాలిటీ, జనరల్‌ సైన్స్, పర్యావరణం, సామాజిక న్యాయం అని సిలబస్‌లో విడివిడిగా కనిపించే నాలుగూ సైకిలు దగ్గర కలుస్తాయి. ఎస్సై, కానిస్టేబుల్‌ అభ్యర్థులకైతే ఇది రేపు డ్యూటీలో ఎదురయ్యే విషయం కూడా.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మన చట్టం సైకిలు తొక్కేవాళ్లను లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా బాధ్యతల నుంచి వదిలేసింది. దానితోపాటు వాళ్లకు రోడ్డు మీద దక్కాల్సిన చోటునూ చాలాకాలం వదిలేసింది. ఈ రెండో సంగతిని పట్టుకున్న అభ్యర్థే మంచి సమాధానం రాయగలడు.

రాజ్యాంగంలో సైకిలు

ఏడో షెడ్యూలు తెరవండి. ఉమ్మడి జాబితా 35వ అంశం యాంత్రిక శక్తితో నడిచే వాహనాలది. అందుకే మోటారు వాహనాల చట్టం పార్లమెంటు చేసింది. యాంత్రిక శక్తితో నడవని వాహనాలు మాత్రం రాష్ట్ర జాబితా 13వ అంశంలో రోడ్లు, వంతెనలు, రేవులతో కలిసి ఉన్నాయి. అంటే సైకిలు, రిక్షా, ఎడ్లబండి రాష్ట్రాల పరిధిలోనివి. ప్రిలిమ్స్‌లో పొరపాటు పడటానికి అనువైన చోటు ఇది. ‘వాహనాలన్నీ ఉమ్మడి జాబితాలోనివి’ అనే ప్రకటన కనిపిస్తే తప్పు అని గుర్తించాలి.

రాష్ట్ర జాబితాలోనే 57వ అంశం వాహనాలపై పన్నులది. యాంత్రికమైనా కాకపోయినా, రోడ్డుపై నడవడానికి పనికొచ్చే ప్రతి వాహనమూ అందులోకి వస్తుంది. పాతతరంలో పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోయినా, రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్‌ తొక్కినా కానిస్టేబుల్‌ ఆపేవాడు. తాతలనడిగితే చెబుతారు. ఆ పన్నులు పోయాయి గానీ పన్ను వేసే అధికారం రాజ్యాంగంలో అలాగే ఉంది.

జీఎస్టీ సంగతి వేరు. అది కొనుగోలు మీద వేసే పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

మోటారు వాహనం అంటే ఏది?

మోటారు వాహనాల చట్టం-1988లో సెక్షన్‌ 2(28) మోటారు వాహనానికి నిర్వచనం చెబుతుంది. యాంత్రికంగా నడుస్తూ రోడ్డు వాడకానికి అనువైనది మోటారు వాహనం. పట్టాల మీద నడిచేవి అందులోకి రావు. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, ఇంజిను సామర్థ్యం 25 సీసీ దాటనివీ రావు. కాలితో తొక్కే సైకిలుకు ఇంజినే లేదు కాబట్టి అది మొదటి మెట్టులోనే బయట ఉంటుంది. డ్రైవింగ్‌ లైసెన్సు, రిజిస్ట్రేషన్, థర్డ్‌ పార్టీ బీమా ఏవీ అవసరం లేదు. హెల్మెట్‌ తప్పనిసరి చేసే సెక్షన్‌ 129 మోటారు సైకిలు గురించి మాత్రమే చెబుతుంది. సిగ్నళ్లు, ఆజ్ఞాపక గుర్తులు పాటించాలనే సెక్షన్‌ 119 కూడా ‘మోటారు వాహన డ్రైవరు’ అనే అంటుంది.

అలాగని సైకిలు మీద ఉన్నవాడికి ఏ చట్టమూ లేదని రాస్తే మార్కులు పోతాయి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్‌ 281 (పాత ఐపీసీ 279) బహిరంగ మార్గంలో ‘ఏ వాహనాన్నైనా’ ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా నడపడాన్ని నేరంగా చూస్తుంది. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. ఈ సెక్షన్‌లో మోటారు అనే మాట లేదు. రాంగ్‌ రూట్‌లో దూసుకొచ్చి ముసలామెను పడేసిన సైకిలుకూ ఇది వర్తిస్తుంది. రోడ్డుపై రాకపోకలను నియంత్రించే అధికారం పోలీసు చట్టాల కింద వేరే ఉండనే ఉంది.

ఈ-సైకిలుకు రెండు అంకెలు

బ్యాటరీ సైకిలు కొన్నవాళ్లంతా అడిగే ప్రశ్న ‘దీనికి ఆర్సీ కావాలా?’ అని. జవాబు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 2(యు)లో ఉంది. మోటారు ముప్పై నిమిషాల శక్తి 0.25 కిలోవాట్ల కంటే తక్కువ, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ ఉన్న బ్యాటరీ వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. బ్యాటరీ తీసేశాక బరువు 60 కిలోలు దాటకూడదు. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. తొక్కుతూ మోటారు సాయం తీసుకునే రకంలో వేగం పెరిగేకొద్దీ మోటారు శక్తి తగ్గుతూ వచ్చి, 25 దగ్గర పూర్తిగా ఆగిపోవాలి. అంతకుముందే తొక్కడం ఆపేస్తే అప్పుడే ఆగాలి. అధీకృత పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న మోడల్‌కే ఈ మినహాయింపు.

కొందరు మెకానిక్కులు ‘స్పీడు లాక్‌ తీసేస్తాం’ అంటారు. ఆ లాక్‌ తీసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్‌ లేని, బీమా లేని మోటారు వాహనం. తొక్కేవాడికి లైసెన్సు లేకపోతే అది మరో కేసు. పదిహేనేళ్ల పిల్లవాడికి అలాంటి బండి కొనిచ్చే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి.

రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి?

సైకిలు ట్రాక్‌ మీదికి మోటారు వాహనం రావచ్చా? రాకూడదు. 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో వచ్చిన మోటారు వాహనాల (డ్రైవింగ్‌) రెగ్యులేషన్లు-2017 ప్రకారం ఫుట్‌పాత్, సైకిలు ట్రాక్‌ ఉన్నచోట యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి లేనిదే వాటిమీద వాహనం నడపకూడదు. పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల పట్ల డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త చూపాలనీ ఆ నిబంధనలు చెబుతాయి. ఇవి కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, ట్రాక్‌ అంచున దిమ్మె లేకపోతే బైకులు ఎక్కేస్తాయి. పెయింటు గీత ఎవరినీ ఆపదు.

ట్రాక్‌ లేని రోడ్డులో సైకిలు ఎడమవైపు పోవాలి. అలాగని మరీ అంచుకు ఒదిగిపోకూడదు. మురుగు మూతలు, ఇసుక, ఆగి ఉన్న కార్ల తలుపులు అక్కడే ఉంటాయి. ఆగిన కారుకూ మీకూ మధ్య తలుపు తెరుచుకునేంత ఎడం ఉంచండి. ఎదురు దిశలో తొక్కితే వచ్చే బండ్లు కనిపిస్తాయని కొందరు అనుకుంటారు. కూడలిలో మలుపు తిరిగే డ్రైవరు అటువైపు చూడడు. రాంగ్‌ రూట్‌ ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఫుట్‌పాత్‌ నడిచేవాళ్లది. ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు 21వ అధికరణం పరిధిలోకి వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రద్దీగా ఉంటే దిగి సైకిలును నడిపించుకుంటూ వెళ్లడం మర్యాద. ఎక్స్‌ప్రెస్‌వేలలో సైకిలుకు చోటు లేదు. హైదరాబాద్‌ చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్‌ రింగ్‌ రోడ్డు ప్రధాన మార్గంలో ద్విచక్ర వాహనాలకూ, పాదచారులకూ ప్రవేశం లేదు. సైకిలు సర్వీసు రోడ్డులో పోవాల్సిందే.

గుర్తుల మీద బిట్‌ వస్తే రంగు, ఆకారం చూస్తే చాలు. నీలిరంగు వృత్తంలో తెల్ల సైకిలు ఉంటే ‘సైకిలు ట్రాక్‌ తప్పనిసరి’. ఎర్ర అంచు వృత్తంలో సైకిలు మీద అడ్డగీత ఉంటే నిషేధం. ఎర్ర అంచు త్రిభుజంలో సైకిలు ఉంటే ‘ముందు సైకిళ్లు దాటే చోటుంది’ అనే హెచ్చరిక. మొదటి రెండూ ఆజ్ఞాపక గుర్తులు, మూడోది హెచ్చరిక గుర్తు.

ఇక అసలు లోటు. 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో 138(1ఎ) చేరింది. యాంత్రికం కాని వాహనాలు, పాదచారులు బహిరంగ ప్రదేశాల్లో, జాతీయ రహదారులపై ఎలా వెళ్లాలో రాష్ట్రాలు నిబంధనలు చేయొచ్చని ఆ ఉపసెక్షన్‌ అంటుంది. జాతీయ రహదారుల విషయంలో హైవేల ప్రాధికార సంస్థను సంప్రదించాలి. మిగతా రోడ్ల డిజైను, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల మీద రాష్ట్రాలు నిబంధనలు చేసే అధికారం 210డి ఇచ్చింది. ఏళ్లు గడిచినా ఆ పని ముందుకు కదలకపోవడంతో, ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. అధికారం చేతిలో ఉండీ ఖాళీగా పెట్టుకోవడం పాలనలో చిన్న తప్పు కాదు. ఈ రెండు సెక్షన్ల సంఖ్యలు తప్పక గుర్తుంచుకోండి.

ట్రాక్‌ ఎలా ఉండాలనే సాంకేతిక ప్రమాణం ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ఇచ్చింది. 1934లో ఏర్పడిన ఆ సంస్థ 1962లోనే ఐఆర్‌సీ:11 పేరుతో సైకిలు ట్రాక్‌ల మార్గదర్శకాలు తెచ్చి, 2015లో సవరించింది. వాహనాలను గాక మనుషులను తరలించడమే ధ్యేయంగా ఉండాలని చెప్పిన జాతీయ పట్టణ రవాణా విధానం 2006ది.

తెలుగు నేల మీద

హైదరాబాద్‌లో అవుటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్‌ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు, సౌర విద్యుత్‌ సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలోని ట్రాక్‌ దీనికి నమూనా.

ఎండాకాలంలో నీడ, నీడతోపాటు కరెంటు, ఆలోచన నిజంగా మంచిది. అయితే అది నగరం అంచున, వ్యాయామానికి వచ్చేవాళ్లకు దగ్గరగా ఉంది. పాలప్యాకెట్లు వేసే కుర్రాడు, అపార్టుమెంటులో రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్, తాపీపనికి పోయే మేస్త్రీ తొక్కే దారులు బస్తీల నుంచి మార్కెట్లకు, మెట్రో స్టేషన్లకు పోతాయి. సైకిలు మీద బతుకు వెళ్లదీసేవాళ్ల దారిలో ట్రాక్‌ పడ్డప్పుడే దాన్ని రవాణా విధానం అనగలం.

వరంగల్‌ పేరు కూడా గుర్తుంచుకోవాలి. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో మొదలుపెట్టిన ‘ఇండియా సైకిల్స్‌4చేంజ్‌’ పోటీలో దేశం మొత్తం మీద ఎంపికైన 11 నగరాల్లో అదొకటి. బెంగళూరు, భువనేశ్వర్, కోహిమా, సూరత్‌ వంటివి దాని సరసన ఉన్నాయి.

వీటికి ఎదురు ఉదాహరణ కోల్‌కతా. 2013లో అక్కడి 174 రోడ్లపై సైకిలును నిషేధించారు. రద్దీ తగ్గించడానికని కారణం చెప్పారు. దెబ్బ తగిలింది పాలవాళ్లకు, పేపరు కుర్రాళ్లకు, చిన్న సరకులు చేరవేసేవాళ్లకు.

బండి గుద్దితే

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిలు మీద ఉన్నవారు దాదాపు 4,800. సైకిలు తానుగా చంపేది అరుదు, దాన్ని గుద్దే బండే చంపుతుంది.

మోటారు వాహనం వల్ల గాయపడితే సైకిలిస్టుకూ చట్టం అండ ఉంది. చాలామంది ‘నాకు బీమా లేదుగా’ అని వెనక్కి తగ్గుతారు. బీమా ఉండాల్సింది గుద్దిన బండికి. 2025 మేలో నోటిఫై అయిన నగదురహిత చికిత్స పథకం కింద నిర్దేశిత ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. బండి ఆపకుండా పారిపోతే (సెక్షన్‌ 161) మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం. ఈ మొత్తాలు 2022 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బాధితుణ్ని ఆసుపత్రికి చేర్చినవాళ్లకు సెక్షన్‌ 134ఎ రక్షణ ఇస్తుంది. సైకిలు సైకిలును గానీ, సైకిలు మనిషిని గానీ గుద్దితే ఇవేవీ వర్తించవు. అక్కడ మోటారు వాహనం లేదు కదా.

సైకిలు కొనేటప్పుడు

టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాల్లో రెండు అంకెలుంటాయి. పాత నల్ల సైకిలు టైరు మీద ‘28 x 1 1/2’ అని, దాని పక్కనే ‘40-635’ అని కనిపిస్తుంది. 40 టైరు వెడల్పు, 635 టైరు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఇప్పటి హైబ్రిడ్‌ సైకిళ్ల 700సి టైరునూ కొన్నిచోట్ల 28 అంగుళాలదే అంటారు. దాని కొలత 622. పేరు ఒక్కటే అయినా ఒకదాని రిమ్ముకు మరొకటి పట్టదు. 26 అంగుళాల మౌంటెన్‌ బైకుకు సాధారణంగా 559 ఉంటుంది. షాపులో అంగుళాలు అడగొద్దు, ఈ మూడంకెల సంఖ్య చెప్పి కొనండి. గాలి ఎంత కొట్టాలో పీఎస్‌ఐలో అదే పక్కగోడ మీద ఉంటుంది. చదునైన తారురోడ్డులో పదిహేను కిలోమీటర్ల లోపు రోజువారీ రాకపోకలకు సన్నటి రేసు సైకిలూ వద్దు, లావు టైర్ల మౌంటెన్‌ బైకూ వద్దు. మడ్‌గార్డు, క్యారియర్, చైన్‌ కవరు ఉన్న సాదా సైకిలో, హైబ్రిడ్డో చాలు. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా ఉండాలి. సీటు కిందికి ఉంచి తొక్కితే మోకాళ్లు నొప్పిపెడతాయి.

జనరల్‌ సైన్స్‌ వాళ్లకు ఒక లెక్క. ముందు పళ్లచక్రానికి 44, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లున్నాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44/18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. 40-635 టైరు చుట్టుకొలత సుమారు 2.25 మీటర్లు. కాబట్టి ఒక్క తొక్కుడుకు దాదాపు 5.5 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిదింతలవుతుంది. ఎదురుగాలి రోజున కాళ్లు పట్టేయడానికి కారణం ఇదే.

రోజూ తొక్కేవారికి

హెల్మెట్‌ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోవాలి. కనుబొమలకు రెండు వేళ్ల పైన నుదుటిని కప్పాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా మార్చేయాలి, లోపలి ఫోమ్‌ ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బను ఆపదు. దీపం విషయంలో వెనకది ముఖ్యం, ఎర్రది. రిఫ్లెక్టర్లకు బీఐఎస్‌ ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. కొత్త సైకిలుకు వచ్చిన రిఫ్లెక్టర్లను అందం కోసం పీకేయకండి. తాళం చక్రానికి మాత్రమే వేస్తే చక్రం మిగులుతుంది, సైకిలు పోతుంది. ఫ్రేమును కూడా కలిపి కదలని స్తంభానికి వేయండి.

వానలో ఇనుప రిమ్ముల మీద బ్రేకు రబ్బర్లు జారతాయి. ముందుగానే తేలిగ్గా నొక్కుతూ నీటిని తుడిచాక గట్టిగా పట్టాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ముందు బ్రేకుకే పట్టు ఎక్కువ. అయినా రెండూ కలిపి వేయాలి.

పంక్చరు వేయడం నేర్చుకుంటే నడిరోడ్డులో ఆగిపోయే పని ఉండదు. ట్యూబులో గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్‌ పలచగా పూసి, తడి ఆరి జిగటగా అయ్యేదాకా ఆగి ప్యాచీ అంటించాలి. తొందరపడి తడి మీద అంటిస్తే గంటలో ఊడుతుంది. ట్యూబు తిరిగి ఎక్కించే ముందు టైరు లోపల వేలు నెమ్మదిగా తిప్పండి. తుమ్మముల్లు కొస ఇంకా అక్కడే ఉంటే కొత్త ప్యాచీ పక్కనే మరో రంధ్రం పడుతుంది.

తేదీలు, పేర్లు

జర్మనీలో కార్ల్‌ ఫాన్‌ డ్రైస్‌ 1817లో కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే రెండు చక్రాల బండి చేశాడు. 1885లో జాన్‌ కెంప్‌ స్టార్లీ రోవర్‌ సైకిలు ఇప్పటి ఆకారానికి మూలం. గాలి టైరు 1888లో డన్‌లప్‌ది. లూథియానాలో హీరో సైకిల్స్‌ 1956లో మొదలైంది. జూన్‌ 3ను ప్రపంచ సైకిలు దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది, తీర్మానం ప్రతిపాదించిన దేశం తుర్కమెనిస్థాన్‌. ‘ఫిట్‌ ఇండియా సండేస్‌ ఆన్‌ సైకిల్‌’ 2024 డిసెంబరులో ఆరంభమైంది.

ఆడపిల్ల చేతికి సైకిలిస్తే

నా దృష్టిలో ఈ అంశంలో అన్నిటికంటే విలువైన ఉదాహరణ బిహార్‌ది. 2006లో ఆ రాష్ట్రం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్‌ మురళీధరన్, నిషిత్‌ ప్రకాశ్‌ చేసిన అధ్యయనంలో, దీనివల్ల సెకండరీ స్థాయిలో వయసుకు తగ్గ ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందనీ తేలింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువ. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ మహిళలు సైకిలు నేర్చుకున్నారు, అప్పటి కలెక్టర్‌ షీలా రాణి చుంకత్‌ దాన్ని ముందుకు నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు బాలికలకు సైకిళ్లిచ్చారు.

మెయిన్స్‌లో రాయాల్సి వస్తే

‘నగర రవాణాలో సైకిలు పాత్రను చర్చించండి’ అనే ప్రశ్నకు కాలుష్యం, ఆరోగ్యం, ఇంధన పొదుపు అందరూ రాస్తారు. మీరు 2011 జనగణనతో మొదలుపెట్టండి. దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలుంది. వ్యవసాయం, గృహ పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవారిలో దాదాపు 13 శాతం పనికి వెళ్లేది సైకిలు మీదే. తర్వాత రాష్ట్ర జాబితా 13, దాన్నుంచి 138(1ఎ), 210డిలకు వెళ్లి, నిబంధనలు చేయాల్సింది రాష్ట్రమేనని చూపించండి. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.6 రోడ్డు మరణాల గురించి, 11.2 అందరికీ సురక్షిత రవాణా గురించి చెబుతాయి. వాటిని ఒక్క వాక్యంలో కలిపితే చాలు. సూచనలు రాసేటప్పుడు ‘అవగాహన పెంచాలి’ అని వదిలేయకండి. మెట్రో, బస్సు స్టేషన్‌లో నీడ, తాళం ఉన్న సైకిలు స్టాండు. మార్కెట్‌ దారుల్లో దిమ్మెతో వేరుచేసిన ట్రాక్‌. కూడలిలో సైకిలుకు ముందు కదిలే సిగ్నల్‌. ఈ పనులకు పురపాలక బడ్జెట్‌లో విడి పద్దు. ఏ పని ఎవరు చేయాలో పేరు పెట్టి రాసిన సమాధానానికి పేపరు దిద్దేవారి కలం దగ్గర విలువ ఉంటుంది.